లౌంజ్‌లో కుడివైపు కుర్చీ

పెద్దకొడుకు నోరు విప్పేదాకా మెతుకు ముట్టనని వెంకటమ్మ ముందురోజు పట్టిన పట్టు ఆ పొద్దుటికీ సడలలేదు. కోడలు పద్మమ్మ తెచ్చిపెట్టిన జొన్నరొట్టె ఆమె ముందు ఆరిపోతోంది. ఎదురుగా మంచం మీద జనార్దన్ తల వంచుకుని కూర్చున్నాడు. తాండూరులో నాపరాళ్ల గని నడిపే పటేల్, గనిలో ఒక్క మాటంటే అందరూ కదిలే మనిషి, తన ఇంట్లో మాత్రం రెండు వారాలుగా మూగవాడైపోయాడు.

గనిలో పని ఆగిపోయింది. గడ్డపారలు గుడిసెలో మూలకు చేరాయి. ఎందుకు ఆగిందో తాండూరులో తెలియనివాళ్లు లేరు.

స్టేషన్ రోడ్డులో ఈరయ్య బారు ఉంది. గని పని దిగిన ప్రతి సాయంత్రం జనార్దన్ అక్కడ ఒక గ్లాసు తాగి ఇంటికి రావడం పాత అలవాటు. ఆ రోజు గని మేస్త్రీ హన్మయ్య బారులోకి వచ్చి, పటేల్ పక్కన నిలబడి, బొంరాస్‌పేటలో గొర్లు కాసుకునే తన అన్న చనిపోయాడని, తాను వెంటనే పోవాలని చెప్పాడు. జనార్దన్ అతని భుజం మీద చెయ్యి వేసి పకపకా నవ్వాడు. నవ్వుతూనే గ్లాసు ఎత్తాడు.

హన్మయ్య వెళ్లిపోయాడు. తెల్లారి కూలీలెవరూ గనికి రాలేదు.

“చావు కబురు చెప్తే నవ్వినవన్నా. ఎట్ల నవ్వబుద్ధయింది నీకు?” గడపకు ఆనుకుని నిలబడిన బాల్‌రాజ్ అడిగాడు. జనార్దన్‌కు ఒక్కడే తమ్ముడు. గని లెక్కలు, బేరాలు అతని చేతిలోనే ఉంటాయి.

జనార్దన్ తమ్ముడి మొహం వైపు మాత్రం చూశాడు.

బాల్‌రాజ్ ఊరుకోలేదు. హన్మయ్య ఇంటికి పోయి ఒక్క మాట చెప్పి రమ్మంటే అన్న పోలేదన్నాడు. పోకపోగా ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం బండెక్కి వికారాబాద్ పోతున్నాడని, అక్కడ స్టేషన్ దగ్గర కొత్తగా పెట్టిన హోటల్లో లౌంజ్ అని ఒక గది ఉందని, ఆఫీసర్లు కూర్చునే ఆ గదిలో మెత్తటి కుర్చీలో కూర్చుని తాగుతున్నాడని తల్లికి వినిపించాడు.

“ఈరయ్య బారు నీకేం తక్కువ చేసింది? నాయిన గూడ ఆడనే తాగిండు. నిలవడి తాగిండు. కూలోడు, బండోడు, బేరానికి వచ్చిన సేటు, అందరు ఒక్క బల్లకే ఆనుకొని తాగిండ్రు. గా బల్ల కాడ నిలవడ్డందుకే నాయిన మాట మీద గని నడిచింది. నీకిప్పుడు కుర్సీ గావాలె.”

వెంకటమ్మ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

బాల్‌రాజ్ గొంతు తగ్గించాడు. “గా కుర్సీల నువ్వొక్కనివే కూసుంటున్నవా అని ఊళ్లె అడుగుతున్నరు. వదినె ముంగట నేను చెప్పలేను.”

ఆ మాట విని పద్మమ్మ నీళ్లచెంబుతో అక్కడే ఆగింది. భర్త ఏదైనా అంటాడేమోనని ఎదురుచూసింది. కోప్పడతాడని, తమ్ముణ్ని కసురుకుంటాడని, కనీసం తన వైపు చూసి కాదని తల ఊపుతాడని. ఆయన ఆ మాట తనకు సంబంధం లేనట్టు లేచి, కొయ్యకున్న చొక్కా తీసుకున్నాడు.

“పో. మల్ల గా బండికే పో,” అంది వెంకటమ్మ.

పద్మమ్మ చెంబు కింద పెట్టింది. భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

“మీరు పోయేకాడికి నేను గూడ వస్త.”

పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె ఇంత మాట అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. బాల్‌రాజ్ గడప మీద నుంచి పక్కకు జరిగాడు. జనార్దన్ ఆమె పెదవుల వైపు కాసేపు చూసి, సరేనన్నట్టు తల ఊపాడు.

*

ప్యాసింజరు బండిలో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయనకు కుడివైపు కూర్చుంది. 

ధారూర్ స్టేషన్ దాటాక ఆమే మొదలుపెట్టింది. అత్తమ్మకు ఈ వయసులో పస్తులు మంచివి కావంది. తనకు చెప్పుకోలేని పని ఏదైనా జరిగి ఉంటే ఇప్పుడైనా చెప్పమంది. చెబితే తాను గొడవ చెయ్యనని, ఎవరికీ తెలియనివ్వనని కూడా అంది. 

జనార్దన్ కిటికీలోంచి కందిచేలు చూస్తూ ఉండిపోయాడు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

పద్మమ్మ కొంగు కప్పుకుని మొహం పక్కకు తిప్పుకుంది. పక్కన కూర్చుని ఇంతగా బతిమాలినా పలకని మనిషి మనసులో ఇంకెవరో ఉన్నారన్న మాట ఆమెకు నిజమే అనిపించసాగింది. వికారాబాద్‌లో దిగేటప్పుడు మెట్టు దగ్గర ఆయన చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు.

హోటల్ ఒక పాత బంగళా. నిజాం కాలంలో ఎవరో పెద్ద ఉద్యోగి కట్టించుకున్నదట. ముందు వరండాలో టీలు, ఫలహారాలు. వరండా దాటి లోపలికి పోతే పచ్చటి పరదా, దాని వెనుక ఆ గది.

పరదా తీసి లోపల అడుగుపెట్టగానే పద్మమ్మ ఆగిపోయింది. నేల మీద మందపాటి తివాచీ పరిచి ఉంది. తన కాళ్ల మెట్టెల చప్పుడు కూడా వినిపించలేదు. పేము కుర్చీలు, వాటి మీద మెత్తలు, కుర్చీకి కుర్చీకి నడుమ చిన్న బల్లలు. గోడల నిండా బరువైన తెరలు. మూలన ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు వాళ్ల బల్ల దాటి రావడం లేదు. ఇంకో పక్క ఒకావిడ భర్తతో కూర్చుని షర్బతు తాగుతోంది.

తాగుడు చోటంటే పద్మమ్మకు తెలిసింది ఈరయ్య బారు ఒక్కటే. అదీ రోడ్డు మీద నుంచి, తల వంచుకుని నడుస్తూ చూసింది. అక్కడి కేకలు, నవ్వులు, బల్ల మీద గ్లాసులు కొట్టే చప్పుడు వీధి మలుపు దాకా వచ్చేవి. ఇక్కడ మనుషులు తాగుతున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

తెల్ల కోటు వేసుకున్న ముసలి నౌకరు ఎదురొచ్చాడు. అతని పేరు చంద్రప్ప అని, అతనిది కన్నడ సీమలోని సేడం వైపు అని జనార్దన్ చెప్పాడు. చంద్రప్ప పద్మమ్మకు దండం పెట్టి, కిటికీ పక్కనున్న కుర్చీలు తుడిచాడు.

“దినా ఒక్కరే బర్తారు, వస్తారమ్మా. ఒక్కరే కూర్తారు, ఒక్కరే పోతారు,” అన్నాడు కన్నడం కలిసిన తెలుగులో. “ఈ రెండో కుర్చీ ఎందుకు అని నేను తీసేద్దామని అనుకున్నా. మంచిదాయె తియ్యలేదు.”

పద్మమ్మ ఆ రెండో కుర్చీ వైపు చూసింది. ఊరు అనుమానించిన మనిషెవరూ ఇక్కడ లేరు. మెల్లగా కూర్చుంది. అది కూడా ఆయనకు కుడివైపే ఉంది.

చంద్రప్ప ఆమెకు నిమ్మకాయ షర్బతు, ఆయనకు గ్లాసులో కొంచెం విస్కీ, పక్కన నీళ్ల కూజా తెచ్చిపెట్టి వెళ్లాడు. పిలిస్తే తప్ప ఇక రాడట.

“ఈడ ఎవ్వరు ఎవ్వర్ని పలకరియ్యరు,” జనార్దన్ తనంతట తానే చెప్పాడు. “బారుల అడుగువెడ్తనే పదిమంది పిలుస్తరు. పక్కన ఎవడు నిలవడ్తె వాడు దోస్తు. తొందరగ తాగాలె, జరిగి ఇంకొకరికి జాగ ఇయ్యాలె. ఈడ తొందర లేదు. గీ ఒక్క గ్లాసు బండి టైమయ్యేదాంక ఉంటది.”

రెండు వారాల్లో ఆయన అన్నన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పద్మమ్మకు కాస్త ధైర్యం వచ్చింది. షర్బతు గ్లాసు చేతిలో తిప్పుతూ, తన మామూలు గొంతుతో అడిగింది.

“గీడ మంచిగనే ఉన్నది. కని ఇంట్ల మీకు నేను లేనా?”

ఆయన కూజా వంచి గ్లాసులో నీళ్లు పోసుకుంటున్నాడు. నీటి ధార వైపే చెవి ఒగ్గి, ఏదో పాట వింటున్నవాడిలా తల కొద్దిగా వంచి ఉన్నాడు. ఆమె మాటకు కనురెప్ప కూడా కదలలేదు.

పద్మమ్మ ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. రైల్లో కందిచేల వైపు తిరిగిన మొహం, పొద్దున తమ్ముడు గొంతు తగ్గించి అన్న మాటకు లేని కోపం, తన పెదవుల వైపు చూసిన చూపు, ఒక్కొక్కటే కళ్లముందుకు వచ్చాయి.

ఆమె గ్లాసు పెట్టి లేచింది. ఆయన వెనుకకు వెళ్లి, కుడి భుజం దగ్గర నిలబడింది.

“ఇంటికి పోదమా?”

పలకలేదు.

రెండడుగులు వేసి ఎడమ భుజం దగ్గరకు వచ్చింది. అదే మాట, అదే గొంతుతో అంది.

ఆయన వెంటనే తల తిప్పాడు. “అప్పుడేనా? బండికి ఇంకా టైమున్నది గద.”

పద్మమ్మ కుర్చీ వెన్ను పట్టుకుంది. 

“కుడి చెవ్వు ఇనబడ్తలేదా మీకు?”

జనార్దన్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టాడు.  మూలన పెద్దమనుషుల మాటలు, వరండాలో కప్పుల చప్పుడు, అన్నీ పద్మమ్మకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆయనకు వాటిలో ఎన్ని వినిపిస్తున్నాయో తెలియదు.

“ఎండాకాలం గనిల బండ పేల్చే మందు తొందరగ పేలింది,” అన్నాడు చివరికి. “నేను దగ్గరనే ఉన్న. దెబ్బ ఏం తగల్లె. చెవులల్ల ఒక్కటే మోత. గది తగ్గేసరికి కుడిది పోయింది. ఎడమది గూడ మెల్లగ పోతున్నది.”

ఆమె ఆయన ముందు తివాచీ మీదే కూర్చుండిపోయింది. ఎవరు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకపోయింది. ఆయన లేవమన్నాడు. ఆమె లేవలేదు.

బారు సంగతి అప్పుడు బయటికి వచ్చింది. ఈరయ్య దగ్గర అందరూ ఒక్కసారే మాట్లాడతారు. ఆ హోరులో ఆయనకు ఒక్క మాటా విడిగా తెలియదు. ఎవరేమన్నారో తెలియక, పక్కవాళ్లు నవ్వితే తానూ నవ్వుతూ, వాళ్లు తల ఊపితే తానూ ఊపుతూ నెట్టుకొచ్చాడు. హన్మయ్య వచ్చిన రోజు పక్కన బండివాళ్లు ఏదో సరసానికి పగలబడి నవ్వుతున్నారు. హన్మయ్య కూడా అదే సరసం అంటున్నాడనుకున్నాడు. ఏం విన్నాడో, దేనికి నవ్వాడో తెల్లారి బాల్‌రాజ్ చెబితే తెలిసింది.

“గా బల్ల కాడికి ఏ మొకం వెట్టుకొని పోవాలె? అందుకే ఈడికి వచ్చిన. ఈడ కూసుంటె ఇంకెంత మిగిలిందో తెలుస్తది, పద్మా. గ్లాసుల నీళ్లు వోస్తె ఇనబడ్తది. అవతల ఇంజను కూత ఇనబడ్తది. మొన్నటిదాంక చంద్రప్ప తువ్వాల దులిపితె గూడ ఇనబడ్తుండె. ఇప్పుడు ఇనబడ్తలేదు.”

పద్మమ్మ కళ్ల నీళ్లు ఆపుకోలేదు. గనివాళ్లకు చెప్పకపోతే పోయె, తల్లికి చెప్పకపోతే పోయె, తనకెందుకు చెప్పలేదని అడిగింది. ఆయన ఎడమ చెవి ఆమె వైపు తిప్పి విన్నాడు. విని, మొదటిసారి కొంచెం నవ్వాడు.

“చెప్తె నువ్వు ఆ దినం సంది గట్టిగ ఒర్రుడు మొదలువెడ్తవు. చెవిటోనితోని అందరు గట్లనే మాట్లాడ్తరు. నీది మెల్లటి గొంతు. ఎడమ చెవ్వు ఉన్నన్ని దినాలు అది గట్లనే ఇందామనుకున్న.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. కుడివైపున్న కుర్చీని తానే ఎత్తి తెచ్చి ఆయనకు ఎడమవైపు వేసుకుంది. చంద్రప్ప దూరం నుంచి చూసి, సాయానికి రాబోయి ఆగిపోయాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆమె ఆయన చెవి దగ్గర మెల్లగా, రైల్లో అన్న మాటలన్నీ మళ్లీ చెప్పింది. ఆయన వాటికి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. రెండో కుర్చీలో ఎవరున్నారని ఊరు అడుగుతోందని బాల్‌రాజ్ అన్న మాట చెప్పినప్పుడు మాత్రం ఆయన మొహం ఎర్రబడింది. తమ్ముడు ఆ మాట అన్నాడని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

విస్కీ గ్లాసు మళ్లీ ముట్టకుండా అలాగే ఉండిపోయింది.

“హన్మయ్యకు ఇయ్యాల్నే, బారులనే చెప్పాలె,” అంది పద్మమ్మ.

ఆయన వద్దన్నాడు. గనిలో మందు ముట్టించే ముందు కేక వేస్తారు. ఆ కేక వినపడని పటేల్ ముందర ఎవడు మందు పెడతాడన్నాడు. ఒక్కసారి తెలిసిందంటే ఇక గనిలో తన కాలు పెట్టనివ్వరని, తండ్రి చేతి మీదుగా వచ్చిన పని పోతుందని ఆయన భయం.

“మీకు కేక ఇనబడకపోతె మీ పానం గూడ పోతది గద. గని సంగతి తర్వాత. చచ్చిపోయిన మనిషికి నవ్విన్రని గా హన్మయ్య ఎన్ని దినాలు మనసుల వెట్టుకుంటడు?”

 ఆ బారులో, ఆ హోరులో హన్మయ్య ఏమంటాడో తనకు వినపడదన్నాడు ఆయన. పిలిపించుకుని ఇంట్లో చెప్పవచ్చు కదా అన్నాడు.

“అందరి ముంగట నవ్విన్రు. అందరి ముంగటనే చెప్పాలె. నేను మీ ఎడమ దిక్కు నిలవడ్త.”

*

వాళ్లు తాండూరులో దిగేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఈరయ్య బారు అప్పటికే నిండిపోయింది. గని ఆగి పని లేని కూలీలు, నాపరాళ్ల బండ్లు తోలేవాళ్లు బల్ల పొడుగునా నిలబడి ఉన్నారు. పొగ, సారా వాసన, ఒకరి మాట మీద ఒకరి మాట.

గడప దగ్గర పద్మమ్మ ఒక్క క్షణం ఆగింది. పటేళ్ల ఇంటి ఆడవాళ్లు ఆ గడప తొక్కడం తాండూరు ఎరగదు. ఆమె కొంగు భుజం నిండా కప్పుకుంది. భర్త మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

గడప దగ్గర మొదలై బల్ల చివరిదాకా మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఈరయ్య బల్ల తుడిచే గుడ్డ వదిలేసి వచ్చి, లోపలి గదిలో కూర్చోమని బతిమాలాడు. పద్మమ్మ వద్దంది.

హన్మయ్య బల్ల చివర ఒక్కడే నిలబడి ఉన్నాడు. అన్న దినాలు చేసి బొంరాస్‌పేట నుంచి ముందురోజే వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలవలేదు. పటేల్‌ను చూసి తల తిప్పుకోలేదు, దండమూ పెట్టలేదు.

జనార్దన్ అతని ముందు నిలబడ్డాడు. పద్మమ్మ ఆయనకు ఎడమవైపు, చెవికి దగ్గరగా నిలబడింది.

“హన్మయ్యా,” అన్నాడు జనార్దన్. తన గొంతు తనకు సరిగా వినపడదు కాబట్టి మాట ఆయన అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. “ఆ దినం నువ్వు చెప్పింది నాకు ఇనబడలె. నాకు చెవులు పోయినై. నీ అన్న పోయిండని ఎర్కయితే నేను నవ్వుదునా? నీ ఎంబడి బొంరాస్‌పేట వస్తుంటి.”

 వెనుక ఎవరో ముసలాయన అయ్యో పటేలా అన్నాడు.

హన్మయ్య గ్లాసు పక్కకు జరిపాడు.  పటేల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్లకు ఒత్తుకున్నాడు. మా అన్నకు మీరంటే పానం పటేలా అన్నాడు. పద్మమ్మ ఆ మాటను మెల్లగా భర్త చెవిలో చెప్పింది. జనార్దన్ కళ్లు నిండాయి. బల్ల పొడుగునా మనుషులు కదిలారు. ఈరయ్య ఇద్దరికీ గ్లాసులు నింపసాగాడు. తెల్లారి పనికి వస్తామని కూలీల్లో ఒకడు అన్నాడు. అదీ పద్మమ్మ చెవిలో చెప్పింది. పెళ్లినాటి నుంచి ఆయన మొహంలో అంత తేట ఆమె ఎన్నడూ చూడలేదు.

మళ్లీ మాటలు మొదలై హోరు పెరిగాక, హన్మయ్య ఆమె వైపు వంగాడు. ఆ మాట ఆమెకు ఒక్కదానికే వినిపించేట్టు అన్నాడు.

“అమ్మా, పటేల్‌కు ఇనబడ్తలేదని నాకు అనుమానం ఉండె. ఎండాకాలమే చిన్న పటేల్‌కు చెప్పిన, గనిల ముంగటికి పోనియ్యకుండ్రి అని. నాకెర్కే, ఎవ్వరికి చెప్పకు, నేను జూసుకుంట అన్నడు. దుఃఖంల ఉండి ఆ దినం నాకు గది యాదికి రాలె. మొన్న పని ఆపుమన్నది గూడ నేను గాదమ్మా. చిన్న పటేలే మావోళ్లకు కబురు వంపిండు, పెద్ద పటేల్ మీ కాళ్లకాడికి వచ్చేదాంక గనికి రావొద్దని.”

పద్మమ్మకు పొద్దున గడపకు ఆనుకుని, గొంతు తగ్గించి మాట్లాడిన మరిది గుర్తొచ్చాడు. అన్నకు వినపడదని తెలిసే గొంతు తగ్గించాడు. గని లెక్కలన్నీ ఇప్పటికే అతని చేతిలో ఉన్నాయి.

జనార్దన్ ఎడమ చెవి ఆమె వైపు వంచాడు. మొహం ఇంకా తేటగానే ఉంది.

“ఏమంటున్నడు, పద్మా?”

ఆమె ఆయన చెవి దగ్గరకు వంగింది. అప్పుడే ఆమె చూపు గడప మీద పడింది. వదినె బారులోకి పోయిందన్న కబురు అంది పరుగున వచ్చినట్టున్నాడు, బాల్‌రాజ్ అక్కడ నిలబడి రొప్పుతున్నాడు. హన్మయ్యను చూశాడు, ఆమెను చూశాడు. చెప్పొద్దన్నట్టు ఆమె వైపే తల అడ్డంగా ఊపాడు. అతని కళ్లలో ఉన్నది భయమో, వేడుకోలో ఆమెకు తెలియలేదు.

“చెప్పు,” అన్నాడు జనార్దన్. “నువ్వు ఏది చెప్తె నాకు గదే.”